అమ్మకానికి ఏకాంతం

కొండవాలు మీద ఐదెకరాల పొలం. మధ్యలో పెంకుటిల్లు. వెనుక టేకు, వెదురు అడవి. పక్కనే వాగు. కనుచూపు మేరలో మరో ఇల్లు లేదు. నగరం నుంచి కారులో నాలుగు గంటలు. ఈ తరహా ప్రకటనకు సూరత్‌లో పాఠకుల కొరత ఎప్పుడూ ఉండదు. 2011 లెక్కల నాటికే జనాభా 44 లక్షలు దాటిన నగరం అది. మరమగ్గాల చప్పుడు, అద్దకం మిల్లుల పొగ, వజ్రాలకు సానబట్టే గదుల ఉక్కపోత మధ్య బతికేవారికి నిశ్శబ్దం కూడా ఖరీదైన సరుకే. పైగా ఇల్లూవాకిలీ వదిలి పారిపోవాల్సిన రోజులు సూరత్‌కు కొత్త కాదు. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో లక్షలాది మంది దొరికిన రైలెక్కారు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీరు నగరంలో అత్యధిక భాగాన్ని ముంచెత్తింది. 2020లో కరోనా మగ్గాలను ఆపేసింది. ప్రతిసారీ మనసులో మెదిలేది ఒకటే కోరిక. ఎక్కడో కొండల్లో మనదంటూ కాస్త జాగా ఉంటే ఎంత బాగుండు!

ఆ కోరిక ఉన్నవారిలో తెలుగువారూ ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ బయల్దేరిన పద్మశాలీలకు బొంబాయి, భీవండి, షోలాపూర్‌ల మాదిరే సూరత్ కూడా ఒక మజిలీ. తర్వాత అదే సొంతూరైంది. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు వినిపిస్తుంది. ఆశ్వయుజంలో బతుకమ్మ ఆడతారు. ఈ పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతూ వచ్చింది. మొదటి తరం సాంచాల మీద కూలికి పనిచేసింది. వారి పిల్లల్లో కొందరు సొంత మగ్గాలు పెట్టారు, చీరల వ్యాపారంలోకి వెళ్లారు, ఫ్లాట్లు కొన్నారు. ఫ్లాటు తర్వాత వచ్చే కోరిక పొలం. ఊళ్లో తాత అమ్ముకున్న రెండెకరాల వెలితి మూడో తరానికి కూడా తీరదు.

ఆశలో తప్పేమీ లేదు. కానీ ఆ ప్రకటన నాలుగు వస్తువులు అమ్ముతానంటోంది. కొండ, పొలం, అడవి, ఏకాంతం. వీటిలో చట్టబద్ధంగా చేతులు మారేవి ఎన్ని? జీవితకాలపు పొదుపు దీనికి ముడిపడి ఉంటుంది కాబట్టి ఈ ప్రశ్నను కాస్త ఓపికగా పరిశీలించాలి.

సూరత్‌వాసికి కొండలంటే ముందుగా గుర్తొచ్చేది డాంగ్. గుజరాత్ ఆగ్నేయ మూలన, సహ్యాద్రి పర్వతాలు మొదలయ్యే చోట ఉన్న చిన్న జిల్లా. జిల్లా కేంద్రం ఆహ్వా. రాష్ట్రంలో పేరున్న హిల్ స్టేషన్ సాపుతారా ఇక్కడే ఉంది. జిల్లా విస్తీర్ణంలో సుమారు నాలుగింట మూడు వంతులు అడవే. 2011 లెక్కల ప్రకారం జనాభా 2.28 లక్షలు. అందులో దాదాపు 95 శాతం భిల్లులు, కున్బీలు, వార్లీలు, గామిత్‌లు, వెదురు పనిచేసే కొత్వాలియాల వంటి గిరిజనులు. జిల్లా మొత్తం రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వస్తుంది. సూరత్ నుంచి డాంగ్ వెళ్లే దారిలో తగిలే వ్యారా, సోన్‌గఢ్, వాంస్దా, కాస్త దక్షిణాన ఉన్న ధరమ్‌పూర్ కూడా గిరిజన ప్రాంతాలే. అంటే సూరత్‌కు తూర్పున కొండ కనిపించిందంటే దాదాపుగా అది షెడ్యూల్డ్ ప్రాంతమే. ప్రకటనలో ఈ మాట ఉండదు.

మొదటి అడ్డంకి కొండ ఎక్కకముందే ఎదురవుతుంది. గుజరాత్‌లో వ్యవసాయ భూమిని రైతు మాత్రమే కొనాలి. 1948 నాటి బొంబాయి కౌలుదారీ చట్టంలోని 63వ సెక్షన్ చెప్పేది అదే. వ్యవసాయదారుడు కానివాడికి, కలెక్టర్ అనుమతి ఉంటే తప్ప, పొలం అమ్మడం చెల్లదు. అలా చెల్లని లావాదేవీ జరిగిందని తేలితే భూమి సర్కారు ఖాతాలోకి పోతుంది. తెలుగువారికి ఇది మింగుడుపడని విషయం. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఏజెన్సీ బయట పొలం కొనడానికి రైతై ఉండాలన్న షరతు లేదు. డాక్టరు కొనొచ్చు, సినిమా నిర్మాత కొనొచ్చు, కాంట్రాక్టరు కొనొచ్చు. అందుకే లింబాయత్‌లో ఉండే మనవాడు గుజరాత్ పొలానికి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఈ ప్రశ్న అడగాలన్న ఆలోచనే రాదు. అడిగినా, ‘నాకు కరీంనగర్ జిల్లాలో ఎకరం ఉంది, పాసుపుస్తకం ఉంది, నేనూ రైతునే కదా’ అంటాడు. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో కచ్ రైతులను అడగాలి. దశాబ్దాల కిందట పంజాబ్, హర్యానాల నుంచి వచ్చి కచ్‌లో భూములు కొని సాగుచేసుకుంటున్న రైతులను, మీరు గుజరాత్ రైతులు కారంటూ అధికారులు 2010 ప్రాంతంలో అడ్డుకున్నారు. 2012లో రాష్ట్ర హైకోర్టు రైతుల పక్షాన తీర్పునిచ్చింది. ప్రభుత్వం ఊరుకోకుండా సుప్రీంకోర్టు తలుపు తట్టింది. నాగలి పట్టి ఎడారి అంచున పంట తీసినవారికే అన్ని తిప్పలు తప్పలేదు. వారాంతంలో కారేసుకుని వచ్చేవారి మాట చెప్పేదేముంది?

రెండో అడ్డంకి మరీ గట్టిది. కొనేవాడు గుజరాత్ రైతే అనుకుందాం. అమ్మేవాడు గిరిజనుడైతే రాష్ట్ర భూమి రెవెన్యూ చట్టంలోని 73ఎఎ సెక్షన్ అడ్డొస్తుంది. 1980 నాటి సవరణతో చేరిన నిబంధన ఇది. కలెక్టర్ ముందస్తు అనుమతి లేనిదే గిరిజనుడి భూమి మరొకరికి బదిలీ కాదు. జరిగితే అది చెల్లదు. ఆ భూమి తిరిగి గిరిజనుడికి దక్కే వీలుంది. కొన్నవాడు డబ్బు పోగొట్టుకోవడమే కాదు, భూమి విలువకు మూడు రెట్ల దాకా జరిమానా కట్టాల్సి రావచ్చు. పొలానికి సంబంధించిన ‘సాత్-బార్’ నకలు, అంటే మన పహాణీ లాంటి 7/12 పత్రం, తీసి చూస్తే ఈ ఆంక్ష సంగతి బయటపడుతుంది. కానీ అది గుజరాతీలో ఉంటుంది. మాట్లాడటం వచ్చినంత మాత్రాన రెవెన్యూ గుజరాతీ చదవడం రాదు. దళారీ బతుకుతెరువు ఆ తేడాలోనే ఉంది.

అతని దగ్గర ఉపాయాలకు లోటు లేదు. నోటరీ చేసిన ఒప్పందం ఒకటి. 99 ఏళ్ల లీజు మరొకటి. పట్టా గిరిజనుడి పేరనే ఉంచి, ఇల్లు మీరు కట్టుకోండి అనే బినామీ ఏర్పాటు ఇంకొకటి. ఎంతమంది ఇలా చేస్తున్నారో చూడండి, ఎవరికీ ఏమీ కాలేదు అంటాడు. 2016లో సవరించిన బినామీ చట్టం కింద అలాంటి ఆస్తిని జప్తు చేయొచ్చు, ఏడేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. మిగతా రెండు కాగితాల సంగతీ అంతే. కలెక్టర్ అనుమతి లేకుండా గిరిజనుడి పొలంలో కట్టిన ఇంటికి అవి పునాది కాలేవు. ఇచ్చిన డబ్బుకు సరైన రసీదు ఉండదు. గొడవొస్తే పోలీసు స్టేషన్‌కు వెళ్లి చెప్పుకోవడానికి ముందు తన తప్పునే ఒప్పుకోవాలి. దళారీ ధైర్యమంతా దానిమీదే.

ఇక అడవి. ‘అడవి సహా’ అన్న రెండు ముక్కలే ఆ ప్రకటనకు అందం. చట్టం ముందు అతి బలహీనమైనవీ అవే. కొండ ఊళ్లలో చాలామంది సాగు చేసుకునేది 2006 అటవీ హక్కుల చట్టం కింద గుర్తింపు పొందిన భూమి. ఆ హక్కు వారసులకు వస్తుంది, భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది. అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. కలెక్టర్ అనుమతి అన్న కిటికీ కూడా అక్కడ తెరుచుకోదు. పోనీ, పట్టా భూమిలోనే చెట్లు దట్టంగా ఉన్నాయనుకుందాం. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, యజమాని ఎవరన్నదానితో నిమిత్తం లేకుండా, నిఘంటువు అర్థంలో అడవి అనదగ్గదల్లా అడవే. అక్కడ అటవీయేతర పనులు చేయాలంటే కేంద్రం అనుమతి కావాలి. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఈ పరిధిని కుదించే ప్రయత్నం చేసింది. దానిమీద వేసిన కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పాత అర్థాన్నే పాటించండని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చెట్ల సంగతీ అంతే. మీ గట్టున ఉన్న టేకైనా, చండ్రైనా అనుమతి లేకుండా కొట్టలేరు, దుంగను లారీలో తరలించలేరు. అంటే కొన్నవాడికి దక్కేది చెట్టు నీడ. చెట్టు కాదు.

ఈ చట్టాలన్నీ ఊరికే పుట్టలేదు. డాంగ్ అడవిని నగరం అడగడం ఇది మొదటిసారి కాదు. 1842లో బ్రిటిష్‌వారు ఇక్కడి భిల్లు రాజుల నుంచి అడవిని లీజుకు తీసుకున్నారు. వారికి కావాల్సింది బొంబాయిలో ఓడలు కట్టడానికి టేకు. లీజు మాటున అడవి మీద అధికారమంతా క్రమంగా చేతులు మారింది. ఎక్కడ సాగు చేయాలో, ఏ చెట్టు ముట్టుకోకూడదో తరతరాలుగా అక్కడ ఉన్నవారికి అటవీ శాఖ చెప్పసాగింది. బిలిమోరా నుంచి వాఘయీ దాకా అడవి అంచుకు వేసిన నేరోగేజ్ రైలు మార్గం 20వ శతాబ్ది తొలినాళ్లది. టేకు దుంగలను కిందికి దించడం దాని ముఖ్యమైన పని. ఆ పాత లీజు గుర్తు ఈనాటికీ మిగిలింది. ఏటా హోళీకి ముందు ఆహ్వాలో ‘డాంగ్ దర్బార్’ జరుగుతుంది. ఐదుగురు రాజ వంశీకులను ఊరేగించి, ప్రభుత్వం వారికి పింఛను అందజేస్తుంది. 1971లో సంస్థానాధీశుల రాజభరణాలు రద్దయినా వీరి పింఛను ఆగలేదు. చూడ్డానికి వేడుకగానే ఉంటుంది. అడవికి ఒకప్పుడు యజమానులైనవారికి ఏడాదికోసారి దక్కే అద్దె అని గుర్తొస్తే ఆ డప్పుల మోత మరోలా వినిపిస్తుంది.

సాపుతారా కథ కూడా చెప్పుకోవాలి. సరస్సు, తోటలు, హోటళ్లతో సూరత్ కుటుంబాలు సెలవులకు వెళ్లే చోటు. ఆ హిల్ స్టేషన్‌ను కట్టిన కొండ ఖాళీగా ఉన్నది కాదు. అక్కడి ఊరివారిని పక్కకు జరిపి ‘నవాగామ్’లో పెట్టారు. కొత్త ఊరు అని ఆ పేరుకు అర్థం. పాత ఊరు ఎక్కడుందని అడిగితే చూపించడానికి హోటళ్లున్నాయి. ‘కనుచూపు మేరలో మరో ఇల్లు లేదు’ అని ప్రకటనలో చదివినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే. మొదటినుంచీ లేదా, లేకుండా పోయిందా?

చట్టాన్ని కాసేపు పక్కనపెట్టి ప్రకృతి సంగతి చూద్దాం. ప్రకటనల్లోని ఫొటోలు సాధారణంగా ఆగస్టులో తీసినవై ఉంటాయి. అప్పుడు డాంగ్‌ను మించిన అందం గుజరాత్‌లో లేదు. గీరా జలపాతం హోరెత్తుతుంటుంది, అంబికా, పూర్ణా నదులు నిండుగా పారుతుంటాయి. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే నేల ఇది. కానీ నల్లరాతి కొండ నీటిని ఎక్కువగా ఇంకనివ్వదు. పడిన వాన వాలు వెంట కిందికి దిగి సముద్రం దారి పడుతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి బావులు అడుగంటి ఆడవాళ్లు బిందెలతో దూరాలు నడవాల్సిన ఊళ్లు ఇదే జిల్లాలో ఉన్నాయి. ఆ ఊళ్ల మధ్య ఒక వారాంతపు ఇల్లు వెలిసి, లోతైన బోరు వేసి, లాన్‌కు నీళ్లు పట్టడం మొదలుపెడితే ఆ యజమాని పొరుగువారికి ఎలా కనిపిస్తాడు? ఏకాంతం కోసం వెళ్లినవాడికి మొదట దక్కేది పొరుగువారి అనుమానం. కాపలాకు మనిషి కావాలి, దారికి పక్క పొలంవాడి ఒప్పుదల కావాలి, రాత్రి జ్వరమొస్తే ఊళ్లోవాళ్లే రావాలి. నగరంలో పొరుగువాడి పేరు తెలియకుండా పదేళ్లు బతకొచ్చు. కొండమీద అది కుదరదు.

ఆ పొరుగువారు ఏడాదంతా అక్కడ ఉంటారా అంటే అదీ లేదు. దీపావళి వెళ్లగానే డాంగ్ ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని మైదానానికి దిగుతాయి. బార్డోలీ చుట్టుపక్కల, సూరత్ జిల్లా చెరకు తోటల్లో కోత పనికి. వానాకాలంలో తిండిగింజలకు ముకాదం ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికి ఆలుమగలు కలిసి చలికాలమంతా చెరకు నరుకుతారు. ఆ జంటను లెక్కల్లో ‘కోయతా’ అంటారు. కత్తి పేరే మనుషుల పేరు. డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమాన్ దక్షిణ గుజరాత్ కూలీల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసి రాసింది ఇలాంటి వలస బతుకుల గురించే. పొలం వెనుక ఉన్న ఈ కథను ప్రకటన చెప్పదు. రాగులు, వరి, మినుములు పండే ఆ చిన్న కమతం కుటుంబాన్ని ఏడాది పొడుగునా పోషించలేదు. అందుకే అడ్వాన్సు. అప్పు పెరిగినప్పుడే దళారీ గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. కొండ మీదివారు పొట్టకూటికి సూరత్ వైపు దిగుతుంటే, సూరత్‌వారు ప్రశాంతత కోసం కొండ ఎక్కుతున్నారు. సిరిసిల్ల ప్రాంతంలో మగ్గం ఆగి, కరువు తరిమితే సూరత్ చేరిన కుటుంబానికి ఈ బాధ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అమ్ముకుని వలస వచ్చినవాడే, అమ్ముకుని వలస వెళ్లబోయేవాడి పొలం కొంటున్నాడు.

ఇది గుజరాత్‌కే ప్రత్యేకం కాదు. మన ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ చట్టం ఉంది. 1970 సవరణ తర్వాత దాన్ని అందరూ ‘1/70’ అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా సరే, చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు కూడా. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997 నాటి సమత తీర్పు మరో అడుగు ముందుకేసి, గిరిజన ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వకూడదంది. ఇంత చట్టం ఉన్నా అరకు, లంబసింగి వైపు పర్యాటకం పెరిగేకొద్దీ కొండ జాగాల మీద కన్ను పడుతూనే ఉంది. మంచు మేఘాల ఫొటో ఒకటి ఫోన్లో చేరగానే, అక్కడ ఓ కాటేజీ ఉంటే అనుకునేవారు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ కోకొల్లలు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణాలొడ్డింది ఏ నేల కోసమో బడిపిల్లలకూ తెలుసు. పెద్దయ్యాక కాటేజీ కలలో అది గుర్తుకు రాదు.

ఈ చట్టాల మీద విమర్శ లేకపోలేదు. అందులో కొంత న్యాయం ఉంది. కొనేవారి సంఖ్యను చట్టమే తగ్గిస్తే గిరిజనుడి ఎకరానికి ధర పలకదు. బిడ్డ చదువుకో, ఆపరేషన్‌కో డబ్బు కావాలంటే తన భూమే తనకు అక్కరకు రాదు. తాకట్టు విలువ లేని భూమికి బ్యాంకు అప్పు ఇవ్వడానికి వెనుకాడుతుంది. పెద్దమనసుతో చేసిన చట్టం ఆస్తిపరుడిని పేదవాడిగానే ఉంచుతోందన్నది వాదన. 1/70లో దీనికి ఒక విరుగుడు రాసిపెట్టారు. గిరిజనుల్లో కొనేవారు దొరక్కపోతే ప్రభుత్వమే పరిహారమిచ్చి ఆ భూమి తీసుకోవాలి. ఆ దారి సక్రమంగా తెరిచి ఉంచితే, సకాలంలో రుణం అందితే, ముకాదం అడ్వాన్సుకు, దళారీ బేరానికి అవసరమే రాదు. ఆంక్షలు ఎత్తేస్తే జరిగేది ఏమిటన్నది మాత్రం ఊహించనక్కర్లేదు. పల్లె అంచుల్లో నగరం విస్తరించిన ప్రతిచోటా, మొదట అమ్మినవాడే అందరికన్నా తక్కువ ధరకు అమ్మాడు. తర్వాత అదే భూమి గేటు దగ్గర కాపలా కాశాడు.

బయటి ప్రపంచం కూడా ఈ పాఠం చెబుతోంది. హిమాచల్‌ప్రదేశ్ 1972 చట్టంలోని 118వ సెక్షన్ ఆ రాష్ట్ర రైతులు కానివారిని భూముల జోలికి రానివ్వదు. ఉత్తరాఖండ్ 2025లో హరిద్వార్, ఉధమ్‌సింగ్ నగర్ మినహా 11 జిల్లాల్లో బయటివారు వ్యవసాయ, ఉద్యాన భూములు కొనకుండా చట్టం తెచ్చింది. అందుకు భిన్నంగా కర్ణాటక 2020లో రైతు కానివారికీ తలుపులు తెరిచింది. కొండ మీద ఒంటరి ఇల్లు అనే కలకు పుట్టినిల్లు అమెరికా. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద సాగుచేసుకునేవారికి 160 ఎకరాల చొప్పున పంచింది. ఆ ‘ఖాళీ’ నేల అంతకుముందు ఎవరిదో రెడ్ ఇండియన్ల చరిత్ర చెబుతుంది. అక్కడ కొన్నవారికీ అంతా దక్కలేదు. కెంటకీ కొండల్లో ఇల్లూ పొలం ఉన్నవారికి, తమ కాళ్ల కింది బొగ్గు హక్కును తాతలు ఎప్పుడో కంపెనీలకు రాసిచ్చారని యంత్రాలు వచ్చి పొలం తవ్వుతున్నప్పుడు తెలిసింది. 1988లో అక్కడి ఓటర్లు రాజ్యాంగ సవరణతో దానికి అడ్డుకట్ట వేశారు. భూమి అంటే ఒక వస్తువు కాదు, హక్కుల మూట. ఆ మూటలో ఏవి ఉన్నాయో విప్పి చూసుకోకుండా భుజాన వేసుకుంటే అంతే సంగతులు.

కొండ దాకా వెళ్లకుండా, అడవిలో వాటా ఇస్తామన్నవారినీ తెలుగువారు చూశారు. 1990ల్లో చెన్నై కేంద్రంగా అనుభవ్ ప్లాంటేషన్స్ టేకు చెట్ల పేరిట మదుపు సేకరించి 1998లో చేతులెత్తేసింది. ఇలాంటి పథకాలను అదుపు చేయడానికి సెబీ 1999లో నిబంధనలు తెచ్చింది. అయినా భూములు, ప్లాట్లు చూపించి డిపాజిట్లు సేకరించిన విజయవాడ అగ్రిగోల్డ్ 2014-15 నాటికి కుప్పకూలినప్పుడు దాదాపు 32 లక్షల మంది ఇరుక్కున్నారు. ఇప్పుడు ఎర్రచందనం మొక్కలతో ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నారు. పేరు మారినా చెట్టు పెరిగినంత కాలం ఎదురుచూడమనే షరతు మారలేదు. ఈలోగా అమ్మినవాడు ఎక్కడుంటాడన్నదే ప్రశ్న.

మరి సూరత్ తెలుగు కుటుంబం పచ్చని కల మానుకోవాలా? అక్కర్లేదు. కొన్ని పనులు మాత్రం వరుసగా చేయాలి. మొదట 7/12 నకలు తీయించి, దళారీతో సంబంధం లేని గుజరాతీ లాయరుకు చూపించాలి. 73ఎఎ గుర్తు గానీ, అటవీ హక్కు పత్రం గానీ కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయాలి. తాను రైతునని గుజరాత్ రెవెన్యూ శాఖ ఒప్పుకుంటుందో లేదో అడ్వాన్సుకు ముందే తేల్చుకోవాలి. జాగాను మే నెల మధ్యాహ్నం చూడాలి. అప్పుడు బావిలో నీళ్లుంటే ఆగస్టులో వాగు అందాన్ని నమ్మొచ్చు. పొలంలోకి దారి ఎవరి భూమి మీదుగా వెళ్తోందో, ఆ దారి హక్కు కాగితం మీద ఉందో లేదో కనుక్కోవాలి. చివరగా ఊళ్లో కూర్చుని రెండు గంటలు మాట్లాడాలి. అమ్ముతున్నది ఎందుకని అడగాలి. అప్పు కోసమని తెలిస్తే ఆ అమ్మకంలో ఇష్టం ఎంతో అర్థమవుతుంది.

పచ్చదనం మీదే మమకారమైతే సొంత రాష్ట్రంలో ఏజెన్సీ బయట చట్టబద్ధంగా దొరికే నేల ఉంది. తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూ భారతి రికార్డులను తెలుగులోనే చదువుకోవచ్చు. ఊళ్లో తాత అమ్మిన రెండెకరాల పక్కన మరో ఎకరం దొరికితే, అక్కడ చెట్లు పెంచుకుంటే కాదనేవారు లేరు. అయితే వాల్టా చట్టం 2002 నుంచి అక్కడా చెట్టు కొట్టడానికి అనుమతి అడుగుతోంది. డాంగ్ కొండల మీద మనసైతే వాఘయీ దగ్గరి కిలాద్, పూర్ణా అభయారణ్యంలోని మహల్ వంటి చోట్ల అటవీ శాఖ విడిదులున్నాయి. రెండు రాత్రులు ఉండి, నాగలీ రొట్టె తిని, అద్దె చెల్లించి రావచ్చు. 2021లో ప్రభుత్వం డాంగ్‌ను సంపూర్ణ ప్రకృతి సేద్య జిల్లాగా ప్రకటించింది. అక్కడి రాగులు, బియ్యం సూరత్ తెలుగు ఇళ్లు నేరుగా కొంటే ఆ పొలం యజమాని చేతిలోనే ఉండటానికి కాస్త ఆసరా దొరుకుతుంది. చెరకు కోతకు వెళ్లాల్సిన రోజులు కొన్నైనా తగ్గుతాయి. ఐదెకరాలకు పెట్టే డబ్బులో ఇది ఎన్నో వంతు కూడా కాదు. పైగా దీనికి ఏ కలెక్టర్ అనుమతీ అక్కర్లేదు.